కరెంటు బట్టీకి ఇంటి కంట్రోలరు

కరెంటుతో నడిచే కుండల బట్టీలో వేడి ఎంత ఉందో కొలిచి, ఆ సమయానికి ఎంత ఉండాలో దానితో పోల్చి, కాయిళ్లకు కరెంటు ఇవ్వడమో ఆపడమో చేసే పెట్టెను ఉష్ణోగ్రత నియంత్రిక అంటారు. పనిచేసేవాళ్ల నోట అది కంట్రోలరు. అందులో ప్రధానంగా ఉండేవి మూడు: వేడిని పసిగట్టే థర్మోకపుల్, లెక్క వేసే చిన్న కంప్యూటరు, ఆ లెక్క ప్రకారం కాయిళ్లను కలిపి విడదీసే స్విచ్చు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఆర్డుయినో పుట్టి, తర్వాత రాస్ప్‌బెర్రీ పై, ఈఎస్‌పీ32 లాంటి చవక బోర్డులు వచ్చాక ఈ పెట్టెను ఇంట్లోనే కట్టుకోవడం చాలా దేశాల్లో అలవాటైంది. బట్టీని నడిపే ప్రోగ్రాములు కూడా ఎవరైనా తీసుకుని మార్చుకునేలా ఉచితంగా దొరుకుతున్నాయి. వీటి గురించిన రాతలు ఎక్కువగా ఒకటి రెండు డిగ్రీల కచ్చితత్వం చుట్టూనే తిరుగుతాయి. కరెంటు ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చే ఊళ్లలో అది సబబే. అనంతపురం జిల్లా పామిడి లాంటి చోట కంట్రోలరుకు పెట్టవలసిన పరీక్ష వేరు. ఓల్టేజీ పడిపోయినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు, స్విచ్చు అతుక్కుపోయినప్పుడు అది ఏం చేస్తుంది? ఈ మూడింటికీ జవాబున్న నాటు పెట్టె, వాటి ఊసెత్తని ఖరీదైన పెట్టె కంటే మేలన్నది ఈ వ్యాసం వాదన.

పామిడి పెన్న ఒడ్డున, గుత్తికీ అనంతపురానికీ మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. భోగేశ్వరాలయం, బట్టల వ్యాపారం, కుట్టుపని ఊరికి పేరు తెచ్చాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లా ఇది. వాన తగ్గితే కుమ్మరికి రెండు వైపులా దెబ్బ తగులుతుంది. చెరువు నిండకపోతే కొత్త ఒండ్రు చేరదు, చెట్టు ఎదగకపోతే ఆవానికి కట్టె దొరకదు. కట్టె, కంప, పిడకలు, గడ్డి పేర్చి కాల్చే సంప్రదాయ ఆవం 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఎర్రమట్టి కుండకు అంత చాలు. మరి కరెంటు బట్టీ ఎందుకని అడగవచ్చు. తాగునీటి కుండకు, దుత్తకు, దీపపు ప్రమిదకు నిజంగానే అక్కర్లేదు. చిత్తూరు జిల్లా పలమనేరులో టెర్రకోట బొమ్మలు, పెద్ద పెద్ద తొట్లు కట్టెల బట్టీల్లోనే కాలి దేశమంతా అమ్ముడవుతున్నాయి, ఆ పనిని కరెంటు మీదికి మార్చమనడంలో అర్థం లేదు. గ్లేజు పూసిన కప్పు, మట్టి నగ, బడిలో పిల్లలు చేసిన బొమ్మ లాంటివి వేరు. వాటికి పొగ తగలకూడదు, మంట నేరుగా తాకకూడదు, ఇరవై ముప్పై వస్తువులున్నా బట్టీ వేయగలగాలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకునే చిన్న కరెంటు బట్టీకి చోటు అక్కడుంది. పైగా ఎర్రమట్టిని 1000 డిగ్రీల లోపు కాలిస్తే సరిపోవడం, సొంతంగా కంట్రోలరు కట్టుకునేవాడికి పెద్ద వెసులుబాటు. పింగాణీ లాంటి గట్టి సరుకుకు కావలసిన 1250 డిగ్రీల దగ్గర కాయిళ్లూ థర్మోకపుళ్లూ త్వరగా అరిగిపోతాయి. 1000 లోపు ఆ రెండూ చాలాకాలం మన్నుతాయి.

బట్టీ వేడిని కొలవడం పాత సమస్యే. ఆవం కంతలోంచి నిప్పు రంగు చూసి, కుంకుమ రంగు దాటి నారింజ పండు రంగుకు వచ్చిందని పోల్చుకోవడం కుమ్మరి కంటి విద్య. 1782లో ఇంగ్లండులో జోసయ్యా వెడ్జ్‌వుడ్, మట్టి ముక్క వేడికి ఎంత కుంచించుకుపోయిందో కొలిచి లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. 1886లో జర్మనీలో హెర్మన్ సెగర్, నిర్ణీతమైన వేడికి మెత్తబడి తల వంచే కోన్లను తయారుచేశాడు. పదేళ్ల తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ వాటికి తనదైన వరస తెచ్చాడు. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపి ఒక కొసను వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించగా, దాన్ని కొలిమి వేడి కొలిచే నమ్మకమైన పనిముట్టుగా మలిచినవాడు ఫ్రెంచి రసాయనవేత్త ల షటెలియే. కోన్ ఉండగా ఈ తతంగమంతా ఎందుకనేవాళ్ల మాటలో బలముంది. మట్టి పక్వానికి రావడం వేడి మీదే కాదు, ఆ వేడిలో గడిపిన సమయం మీద కూడా ఆధారపడుతుంది. ఆర్టన్ పట్టిక ప్రకారం 6వ నంబరు కోన్, గంటకు 60 డిగ్రీల చొప్పున పెంచితే 1222 దగ్గర వంగుతుంది, గంటకు 150 చొప్పున పెంచితే 1243 దాకా నిలబడుతుంది. థర్మోకపుల్‌కు ఈ తేడా తెలియదు. అయితే కోన్ సాక్షి మాత్రమే, కాపలాదారు కాదు. అయిపోయినదాన్ని చెబుతుంది, అవుతున్నదాన్ని ఆపలేదు. కోన్ వంగగానే కరెంటు కోసేసే కిల్న్ సిట్టర్ అనే మీట ఒకటి ఉంది. కరెంటు పోయి వచ్చినా అది తన స్థితిని మరిచిపోదు, ఎందుకంటే దానికి మరవడానికి జ్ఞాపకమే లేదు. ఆ గుణం మెచ్చదగినదే. కానీ ఎంత వేగంగా వేడెక్కాలో దాని చేతిలో లేదు, కుండలు పగిలేది ఎక్కువగా ఆ వేగం దగ్గరే.

ఈ చివరి మాటను కొంచెం విడమరచాలి. అనంతపురం ఎండకు వస్తువు పైపొర గబగబా ఆరిపోయి తెల్లబడుతుంది, మందమైన అడుగులో తడి నిలిచే ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర ఆ తడి ఆవిరై బయటికి దారి దొరక్క పెళ్లను ఎగరగొడుతుంది. అందుకే మొదటి గంటల్లో 90 దాటకుండా నిలిపి ఉంచడం వాడుక. తర్వాత సుమారు 450 నుంచి 600 వరకు మట్టి అణువుల్లోనే కట్టుబడి ఉన్న నీరు వదులుతుంది. 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జు ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే తిరిగి ముడుచుకుంటుంది. ఇవన్నీ ఏ ఊరి మట్టికైనా ఉన్నవే. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు సున్నం. జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేల అయినా గుత్తి, పామిడి, తాడిపత్రి వైపు నల్లరేగడి కూడా ఉంది, రేగడి మట్టిలో సున్నపు గులకలు తరచుగా కనిపిస్తాయి. జల్లెడ తప్పించుకున్న గులక సుమారు 750 నుంచి 900 డిగ్రీల మధ్య కాలి పొడిసున్నం అవుతుంది. బట్టీలోంచి తీసిన కప్పు ఆ రోజు బాగానే ఉంటుంది. వారం పది రోజుల్లో గాలిలోని తేమ పీల్చి గులక ఉబ్బి, పైన గ్లేజుతో సహా నాణెమంత పెళ్ల ఊడదీస్తుంది. దీనికి దారులు మూడు: గులక కాలకముందే తక్కువ వేడిలో ఆపడం, సున్నం మట్టిలోని సిలికాతో కలిసిపోయేంత ఎక్కువ వేడికి పోవడం, లేదా బట్టీలోంచి తీయగానే వస్తువును నీటిలో నానబెట్టడం. మొదటి రెండింటికీ మధ్య ఉన్న వేడిలో అనుకోకుండా ఇరుక్కుపోవడమే అసలు ప్రమాదం. ఓల్టేజీ చాలక బట్టీ 850 దగ్గర రెండు గంటలు మొండికేసిందంటే, కాల్చేవాడు ఎంచుకోని దారిని కరెంటు ఎంచినట్టు.

ఓల్టేజీ సంగతి లెక్కలోకి దించితే తేలిగ్గా అర్థమవుతుంది. కాయిలు ఇచ్చే వేడి ఓల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. 230 ఓల్టులకు 6 కిలోవాట్లు ఇచ్చే బట్టీ 200 ఓల్టుల దగ్గర 4.5 కిలోవాట్లే ఇస్తుంది. ఓల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే వేడి నాలుగో వంతు పోయింది. పై వేడిలో నిలబడటానికి తన శక్తిలో 80 శాతం కావలసిన బట్టీ, 76 శాతంతో అక్కడికి ఎన్నటికీ చేరదు, ఎన్ని గంటలు ఆగినా సరే. బోరుబావుల మీద బతికే సీమలో, మోటార్లు నడిచే వేళకూ ఆగిన వేళకూ తేడా పల్లె లైన్ల మీద ఆధారపడిన ప్రతి ఇంటికీ తెలుసు. సేద్యానికి ఉచిత కరెంటు 2004లో మొదలైంది. పగటిపూట 9 గంటల సరఫరా తర్వాతి విధానం; మోటార్ల భారం లైన్ల మీద పగలే పడేది అందుకే. కాబట్టి గంటలు చూసి తిప్పే టైమరు గానీ, కరెంటును ఇంత సేపు ఇచ్చి ఇంత సేపు ఆపే సిమ్మర్‌స్టాట్ గానీ ఇక్కడ నిలకడగా పనిచేయదు. నిన్న ఆరు గంటల్లో అయిన బట్టీ ఇవాళ తొమ్మిదింటికీ కాకపోవచ్చు. కంట్రోలరు గడియారాన్ని కాకుండా వేడిని చూసి నడవాలి. అనుకున్న వేడికీ ఉన్న వేడికీ తేడా 15 డిగ్రీలు మించితే కార్యక్రమపు గడియారాన్ని అక్కడే నిలిపి, బట్టీ అందుకున్నాక మళ్లీ కదిలించాలి. ఇది ప్రోగ్రాములో నాలుగైదు వరుసల పని.

ఇంకో చిక్కు అంత తేలిగ్గా కంటబడదు. ఇలాంటి కంట్రోలర్లు ఎక్కువగా పీఐడీ పద్ధతి మీద నడుస్తాయి. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడ చుక్కానిని దానంతటదే తిప్పించడానికి రాసిన గణితం దీనికి మూలం. ఇప్పుడున్న తేడా, ఇప్పటిదాకా పోగైన తేడా, తేడా మారే వేగం — ఈ మూడింటినీ కలిపి కాయిలుకు ఎంత ఇవ్వాలో తేలుస్తుంది. మధ్యాహ్నం తక్కువ ఓల్టేజీలో కాయిలు పూర్తిగా ఆన్‌లో ఉండి కూడా వేడి చాలనప్పుడు, ఆ పోగైన తేడా అప్పులాగా పెరుగుతూ పోతుంది. సాయంత్రం మోటార్లు ఆగి ఓల్టేజీ ఒక్కసారిగా లేస్తే, కంట్రోలరు పాత అప్పంతా తీర్చుకోబోయి గమ్యం దాటి ముప్పై నలభై డిగ్రీలు పైకి పోవచ్చు. కాయిలు పూర్తి శక్తి మీద ఉన్నంతసేపూ పోగును పెంచకూడదన్న చిన్న షరతు దీనికి మందు. దొరికిన ప్రోగ్రామును దొరికినట్టు ఎక్కించేవాళ్లు మొదట చూడవలసింది ఈ షరతు ఉందా లేదా అన్నదే. స్టెబిలైజరు పెడితే సరిపోదా అంటే, కాయిళ్ల భారమంతా మోయగల సర్వో స్టెబిలైజరు ధర చాలాసార్లు కంట్రోలరు ధర కంటే ఎక్కువ. పైగా కరెంటే లేనప్పుడు అదీ చేతులెత్తేస్తుంది. అంతకంటే బట్టీ కట్టేటప్పుడే కాయిళ్లకు కొంత అదనపు శక్తి ఉంచుకోవడం చవక.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఈ పెట్టెకు అసలు పరీక్ష. పొలంలో ఆటో స్టార్టరు కరెంటు రాగానే మోటారును నడిపించేస్తుంది, బావిలో నీళ్లున్నాయో లేవో చూడదు. బట్టీ కంట్రోలరు అలా చేస్తే కొంప మునుగుతుంది. కరెంటు పోయే ముందు తాను ఏ దశలో ఉందో, వేడి ఎంతో, అప్పటి సమయమెంతో చెరగని జ్ఞాపకంలో రాసి ఉంచాలి. సమయం తెలియాలంటే బటన్ సెల్లుతో నడిచే డీఎస్3231 లాంటి గడియారపు చిప్ కావాలి. ఆర్డుయినో ఊనోలోని జ్ఞాపకపు అరలు ఒక్కొక్కటి లక్షసార్లు రాయడానికి పూచీ ఉన్నవి. సెకనుకోసారి ఒకే అరలో రాస్తే 12 గంటల బట్టీకి 43,200 రాతలు, అంటే మూడో బట్టీలోనే ఆ పూచీ తీరిపోతుంది. నిమిషానికోసారి, అరలు మార్చుకుంటూ రాస్తే ఏళ్ల తరబడి వస్తుంది. ఇక నిర్ణయం. వేడెక్కే దశలో, 500 లోపు కరెంటు పోతే, వచ్చాక ఉన్న వేడి నుంచే పాత వేగంతో మొదలుపెట్టవచ్చు. పై వేడి నుంచి పడిపోయి 573 కిందికి దిగితే వస్తువు ఆ గడపను రెండోసారి ఎక్కాలి కాబట్టి గంటకు 60 మించని నెమ్మది కావాలి. పై వేడిలో నిలిపి ఉంచే దశలో పోయి, కొద్దిగా మాత్రమే పడిపోతే తిరిగి అక్కడికి తెచ్చి మిగిలిన నిమిషాలు పూర్తిచేయాలి. చల్లారే దశలో పోతే కాయిళ్లను అసలు ముట్టుకోకూడదు. కరెంటు లేనిది చాలా గంటలైతే తానుగా ఏమీ చేయక, మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా ఆగాలి. బజారులో దొరికే పెట్టెల్లో కొన్ని ఇందులో ఒక్క నియమాన్నే పాటిస్తాయి: ఉన్నచోటి నుంచి కొనసాగించడం, లేదా మొదటికి పోవడం. ఎప్పుడో ఒకసారి కరెంటు పోయే చోట అది సరిపోతుంది.

సెన్సరు విషయంలో మన మట్టి వేడి మనకు అనుకూలం. క్రోమెల్, అల్యుమెల్ తీగల కే రకం థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోఓల్టులు ఇస్తుంది, 1000 దగ్గర 41.3 మిల్లీఓల్టులు. ప్లాటినం, రోడియంతో చేసే ఎస్ రకం అదే వేడికి 9.6 మాత్రమే ఇస్తుంది, ధర ఎన్నో రెట్లు. 1200 దాటి తరచూ కాల్చేవాళ్లకే అది దండగ కాదు. చిప్ ఎంపికలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. చవకగా దొరికే మ్యాక్స్6675 లెక్క 1024 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, గ్లేజు బట్టీ అక్కడ దాటితే కంట్రోలరు గుడ్డిదే. మ్యాక్స్31855 1350 దాకా చదువుతుంది, తీగ తెగితే తెగిందని కూడా చెబుతుంది. తీగ తెగినప్పుడు వేడి సున్నా అనుకుని కాయిళ్లను పూర్తిగా వెలిగించే ప్రోగ్రాము కంటే ప్రమాదకరమైనది లేదు; తెగింది అంటే ఆపేయడమే. తీగల రంగులు ఇంకో ఉచ్చు. అమెరికా పద్ధతిలో పసుపు ధనం, ఎరుపు ఋణం; అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ధనం, తెలుపు ఋణం. మన వైరింగు అలవాటులో ఎరుపంటే ఫేజు, కాబట్టి ఆ ఎరుపును ధనం వైపు కలిపేస్తారు, బట్టీ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతూ పోతుంది. థర్మోకపుల్ కొలిచేది రెండు కొసల మధ్య తేడాను. చల్లని కొస ఉన్న పెట్టె ఏప్రిల్‌లో షెడ్డులో 45 డిగ్రీలకు కాగుతుంటే, చిప్ ఆ వేడిని సరిగ్గా కొలిచి కలుపుకోవాలి. అందుకే చిప్‌ను రిలేల పక్కన కాకుండా దూరంగా, పెట్టెను బట్టీ గోడకు కాకుండా విడిగా బిగించాలి.

మూడో పరీక్ష స్విచ్చుది, చాలా ఇంటి పెట్టెలు ఓడిపోయేది ఇక్కడే. చప్పుడు లేకుండా సెకనుకోసారి కలిపి విడదీయగల సాలిడ్ స్టేట్ రిలే ఇష్టంగా వాడతారు. అది ఆంపియరుకు ఒకటి ఒకటిన్నర వాట్ల వేడిని తనలోనే పుట్టిస్తుంది; 26 ఆంపియర్ల 6 కిలోవాట్ల బట్టీకి అది 25 నుంచి 40 వాట్లు. మంచి హీట్‌సింకు లేక, వేసవి గాలిలో అది కాలిపోతే సాధారణంగా అతుక్కుపోయి ఆన్‌లోనే ఉండిపోతుంది. కంప్యూటరు ఆపమన్నా ఆగదు, బట్టీ కాయిలు కరిగేదాకా పోతుంది. కాబట్టి ఎంత తెలివైన ప్రోగ్రాము రాసినా, ఆ రిలేకు వరుసలో ఒక కాంటాక్టరు ఉండాలి. దాని కాయిల్‌ను వేరే థర్మోకపుల్‌తో, వేరే పెట్టెతో, పై వేడికి 40 డిగ్రీలు ఎగువన కోసేలా కట్టాలి. ఈ రెండో పెట్టెకు ప్రోగ్రాము, తెర, తెలివి ఏవీ అక్కర్లేదు. సెలెక్, మల్టీస్పాన్ లాంటి దేశీ కంపెనీలు అమ్మే సాదా కంట్రోలరు ఈ పనికి చక్కగా పనికొస్తుంది. నిజానికి ఇంటి కంట్రోలరు మీద వచ్చే మొదటి ఆక్షేపణ ఇదే: తయారుగా దొరికేదాన్ని కొనుక్కోక ఈ శ్రమ ఎందుకు? కొనుక్కోవలసిన భాగం ఉందని ఒప్పుకోవాలి. ప్రాణాలు కాపాడే భాగం కొన్నదై ఉండాలి, మట్టి సంగతి, ఊరి కరెంటు సంగతి తెలిసి నిర్ణయించే భాగం సొంతంగా రాసుకున్నదై ఉండాలి. విడిభాగాల లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, ఫ్యూజులు అంటే మోటారు స్టార్టరు డబ్బాలో ఉండేవే. బోర్లున్న ప్రతి ఊళ్లో వైండింగ్ షాపు వాళ్లకు కొట్టినపిండి. విదేశీ పెట్టెలో ఒక బోర్డు పోతే సీజను పోతుంది.

మూడు ఫేజుల మీద కట్టిన బట్టీకి ఆ వైండింగ్ షాపు మెకానిక్కు అనుభవం మరోలా ఉపయోగపడుతుంది. ఒక ఫేజు పోతే మోటారు గుర్రుమని కాలిపోతుందని అతనికి తెలుసు. బట్టీ గుర్రుమనదు, మూడో వంతు కాయిళ్లు చల్లబడి, లోపల ఒక వైపు పచ్చి, ఒక వైపు మాడు మిగులుతాయి. థర్మోకపుల్ ఒక చోటే ఉంటుంది కాబట్టి కంట్రోలరుకు కనిపించేది నెమ్మది ఒక్కటే. అరగంట పూర్తి శక్తి ఇచ్చినా వేడి పెరగకపోతే ఆపి గంట మోగించే నియమం, మోటార్లకు వాడే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, ఈ రెండూ కలిస్తే ఆ లోటు తీరుతుంది.

ఇంట్లో కట్టిన కరెంటు పెట్టె ప్రమాదం కాదా అన్న చివరి ఆక్షేపణకు పూర్తి జవాబు లేదు, ప్రమాదమే. 230 ఓల్టుల పనిని, 26 ఆంపియర్ల తీగల బిగింపును లైసెన్సున్న వైర్‌మన్ చేత చేయించడమే సరి. సొంతంగా చేసుకోదగినది 5 ఓల్టుల వైపు మాత్రమే. బట్టీ ఇటుక చల్లగా ఉన్నప్పుడు కరెంటును ఆపుతుంది గానీ, ఎర్రగా కాగాక కొద్దిగా వదులుతుంది. అందుకే తలుపు తీసి లోపలికి ఇనుప చువ్వ పెట్టేవాడికి షాకు తగలవచ్చు, కరెంటు లీకైతే కోసేసే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్పవుతోందని దాన్ని తీసేసేవాళ్లూ ఉంటారు. తీసేయకూడదు. తలుపు తీయగానే కాంటాక్టరును కోసే లిమిట్ స్విచ్చు, లోహపు కవచం మొత్తానికి ఎర్తు, ఈ రెండూ తప్పనిసరి. కరవు నేలలో ఎర్తు ఉన్నట్టే ఉండి లేకుండా పోతుంది. ఎండిన నేల నిరోధం తడి నేల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, వర్షాకాలంలో పాతినప్పుడు బాగా పనిచేసిన గొట్టం మే నెలలో పనిచేయకపోవచ్చు. ఎర్తింగు గురించిన ఐఎస్ 3043 ప్రమాణం నేల తేమకు ఇచ్చే ప్రాధాన్యం ఇందుకే. గుంటలో బొగ్గు, ఉప్పు పొరలు పోయడం పాత పద్ధతే. పామిడి లాంటి చోట దానికి తోడు బట్టీ వేసే ముందు రోజు గొట్టంలో రెండు బిందెల నీళ్లు పోసి, ఎర్త్ టెస్టరుతో నిరోధం కొలిచి, ఆ అంకెను బట్టీ పుస్తకంలో కోన్ నంబరు పక్కనే రాసి ఉంచుకోవాలి.